‘తెల్లగా ఉన్నవాళ్లకు కూడా ఈ పుస్తకం చదువుతారా నాన్నా?’

ప్రశ్న: మా పాపకు ఆరేళ్లు, ఒకటో తరగతి. నా రంగు వచ్చింది, నల్లగా ఉంటుంది. తమ్ముడికి మూడేళ్లు, వాడిది వాళ్లమ్మ రంగు. కొన్నాళ్ల కిందట బడిలో ఒక అమ్మాయి ‘నువ్వు నల్లగా ఉన్నావు, మా ఆటలోకి రావద్దు’ అందట. ఆ వారంలోనే పాప మా నలుగురి బొమ్మ గీసింది. నాకు ముదురు గోధుమ రంగు వేసి, తనకు మాత్రం లేత గులాబీ రంగు వేసుకుంది. చూసి నా మనసు చివుక్కుమంది. ‘నేను అందంగా ఉన్నాను’, ‘నా రంగు నాకిష్టం’, ‘నేను ప్రత్యేకం’ వంటి మాటలు పేజీపేజీకీ ఉండే బొమ్మల పుస్తకాలు ఏరి ఏరి తెచ్చాను. రోజూ పడుకోబోయే ముందు అద్దం ముందు నిలబెట్టి ఆ మాటలు చెప్పిస్తున్నాను. మొదట్లో హుషారుగా చెప్పేది, తర్వాత గొణగడం మొదలుపెట్టింది. మొన్న పుస్తకం మూసేసి, ‘నాన్నా, తెల్లగా ఉన్నవాళ్లకు కూడా ఈ పుస్తకం చదువుతారా?’ అని అడిగింది. నాకు నోట మాట రాలేదు. మా అమ్మ హంసగా మారిన బాతుపిల్ల కథ చెప్పి, ‘నీకూ పెద్దయ్యాక రంగు తేలుతుందిలే’ అని ఓదారుస్తుంది. ఇది పుస్తకాలతో అయ్యే పని కాదు, వదిలేయమని నా భార్య అంటుంది. మాలో ఎవరిది సరైన దారి? అసలు ఎలాంటి పుస్తకాలు చదివించాలి?
— ఒక తండ్రి

జవాబు: మీ పాప ప్రశ్నకు ఉన్నదున్నట్టు చెప్పాలంటే, చదవరు. తెల్లగా ఉన్న పిల్లను రోజూ అద్దం ముందు నిలబెట్టి ‘నా రంగు నాకిష్టం’ అని ఎవరూ వల్లె వేయించరు. ఆ సంగతి మీ పాప పసిగట్టింది. పుస్తకం మందు సీసాలా వేళ తప్పకుండా చేతికొస్తుంటే, తనకేదో జబ్బు ఉందని ఏ పిల్లకైనా అర్థమవుతుంది. బడిలో ఒకమ్మాయి ఒకసారి అన్న మాటను మీరు ప్రతి రాత్రీ, ప్రేమతోనే అనుకోండి, మళ్లీ తవ్వి తీస్తున్నారు. అయితే ఆ ప్రశ్న చదివాక మీ పాప గురించి నాకు సగం బెంగ తీరింది. గొణుగుతూ సర్దుకుపోకుండా పుస్తకం మూసి నిలదీసిన పిల్ల అది.

ముందు మీ ఇంటి తగవు తేల్చేస్తాను. మీ భార్య మాటలో సగం నిజం ఉంది. మీ అమ్మగారి ఓదార్పును మెల్లగా మాన్పించాలి. పుస్తకాల మీద మీ నమ్మకం సరైనదే కానీ, మీరు ఏరిన పుస్తకాలు పనికొచ్చేవి కావు. ‘నిన్ను నువ్వు ప్రేమించుకో’ అని చెప్పే పుస్తకం కన్నా, ఆ ఊసే ఎత్తకుండా మీ పాపలాంటి పిల్ల తన పనిలో తాను మునిగిపోయి ఉన్న పుస్తకం ఎక్కువ మేలు చేస్తుంది.

అద్దం ముందు పాఠాన్ని ఈ రాత్రే ఆపేయండి. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో జోవాన్ వుడ్ బృందం చేసిన ప్రయోగం ఒకటి 2009లో వెలువడింది. ‘నేను ప్రేమించదగిన మనిషిని’ అనే అర్థం వచ్చే మాటను కొందరు విద్యార్థుల చేత పదే పదే అనిపించారు. తమ మీద తమకు మంచి అభిప్రాయం ముందే ఉన్నవాళ్లకు కాస్త ఉత్సాహం వచ్చింది. ఆ అభిప్రాయం లేనివాళ్లు మాత్రం, ఆ మాట అననివాళ్ల కన్నా దిగులుపడ్డారు. నోరు ఒకటి అంటుంటే మనసు లోపలి నుంచి ‘కాదులే’ అని ఎదురు చెబుతుందని, ఆ ఎదురు మాటే పైచేయి అవుతుందని పరిశోధకుల వివరణ. వాళ్లు పెద్దవాళ్లు, మీ పాపది ఆరేళ్ల వయసు. అయినా ఆ గొణుగుడులో నాకు వినిపిస్తున్నది అదే.

పొగడ్తల సంగతీ ఇలాంటిదే. నెదర్లాండ్స్‌లో ఎడ్డీ బ్రుమెల్‌మన్ బృందం ఎనిమిది నుంచి పన్నెండేళ్ల పిల్లల చేత ప్రసిద్ధ చిత్రకారుడు వాన్ గో వేసిన గులాబీల చిత్రాన్ని చూసి గీయించింది. తర్వాత ఒక చిత్రకారుడు పంపినట్టుగా చీటీలు ఇచ్చారు. కొందరి చీటీలో అందమైన బొమ్మ గీశావని ఉంది, కొందరి చీటీలో నమ్మశక్యం కానంత అందమైన బొమ్మ గీశావని ఉంది. ఇప్పుడు తేలిక బొమ్మ గీస్తావా, కష్టమైనది గీస్తావా అని అడిగితే, తమ మీద నమ్మకం తక్కువగా ఉన్న పిల్లలు ఆ పెద్ద పొగడ్త అందుకున్నాక తేలిక బొమ్మల వైపు మొగ్గారు. అంత ఎత్తున కూర్చోబెడితే కింద పడతామన్న భయం మరి. 2014లో వచ్చిన ఆ పరిశోధనలోనే ఇంకో సంగతీ బయటపడింది. అలాంటి పిల్లలు ఎదురైనప్పుడే పెద్దలు మరింతగా పొగుడుతారట. మనసు చివుక్కుమన్న తండ్రి ఏం చేస్తాడో మీకు నేను చెప్పనక్కర్లేదు.

గులాబీ రంగు బొమ్మ గురించి మిమ్మల్ని మీరు నిందించుకోకండి. అమెరికాలో కెనెత్ క్లార్క్, మేమీ క్లార్క్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తల దంపతులు 1940ల నాటికే ఈ సంగతిని పరీక్షించి చూశారు. రంగు తప్ప అన్నీ ఒకేలా ఉన్న బొమ్మలను నల్లజాతి పిల్లల ముందు పెట్టి ఏది మంచిది, ఏది చెడ్డది, ఏది నీలా ఉంది అని అడిగిన పరీక్ష పేరుపొందింది. అందులో ఎక్కువ మంది తెల్ల బొమ్మనే మంచిదన్నారు. చివరి ప్రశ్న దగ్గర కొందరు పిల్లలు ఏడ్చారు. బడుల్లో జాతి విభజన చెల్లదన్న 1954 నాటి అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఆ పరిశోధనను ప్రస్తావించింది. అంతగా తెలియని పరీక్ష ఇంకొకటి ఉంది. ఆకు, ఆపిల్, నారింజ, ఎలుకలతోపాటు ఒక పిల్లవాడి బొమ్మ, ఒక ఆడపిల్ల బొమ్మ ఉన్న కాగితాలిచ్చి రంగులు వేయమన్నారు. పిల్ల బొమ్మకు నీ రంగే వేయమన్నారు. ఏ రంగు దేనిదో తెలిసిన పిల్లల్లోనే చాలామంది తమ బొమ్మ దగ్గరికి వచ్చేసరికి తమకన్నా లేత రంగు అందుకున్నారు. ఇన్నేళ్ల తర్వాత మీ పాప చేసిందీ అదే. ఇది మీ పెంపకంలో లోపం కాదు. ఏ రంగుకు ఎక్కువ విలువో లోకం చెప్పకనే చెబుతుంటే పిల్లలు వింటున్నారంతే.

ఆ చెప్పకనే చెప్పేవాటిలో పుస్తకాలూ ఉన్నాయి. 1965లో నాన్సీ లారిక్ అనే అధ్యాపకురాలు, అమెరికాలో 1962 నుంచి 1964 దాకా అచ్చయిన అయిదు వేల పైచిలుకు పిల్లల పుస్తకాల లెక్క తీశారు. నల్లజాతి మనిషి ఒక్కరైనా కనిపించినవి నూటికి ఏడు కూడా లేవు, 6.7 శాతం. నీ రంగు మంచిది కాదని ఆ పుస్తకాల్లో ఎవరూ రాయలేదు. రాయనవసరం లేకపోయింది. కథలు జరిగే చోట నువ్వు లేవు అని చూపిస్తే చాలదా?

సరిగ్గా ఆ కాలంలోనే, 1962లో, ‘ది స్నోయీ డే’ అనే బొమ్మల పుస్తకం వచ్చింది. రాసి, బొమ్మలు వేసినది ఎజ్రా జాక్ కీట్స్ అనే తెల్లజాతి చిత్రకారుడు. పీటర్ అనే నల్లజాతి పిల్లవాడు నిద్ర లేచేసరికి బయటంతా మంచు. ఎర్రటి చలిదుస్తులు తొడుక్కుని వెళ్తాడు. పాదాలు బయటికి తిప్పి నడుస్తాడు, లోపలికి తిప్పి నడుస్తాడు, వెనక్కి తిరిగి ఆ గుర్తులు చూసుకుంటాడు. కర్ర దొరికితే ఈడుస్తాడు, దానితో చెట్టును కొడతాడు, తల మీద మంచు పడుతుంది. రేపటికి ఉంటుందని ఒక మంచు ముద్దను జేబులో దాచుకుంటాడు. రాత్రి జేబు తడిమితే ఏమీ లేదు. కథ దాదాపు ఇంతే. వాడి రంగు గురించి ఒక్క మాట ఉండదు. అందంగా ఉన్నాడనీ ఉండదు, ధైర్యవంతుడనీ ఉండదు. వాడికి ఆ పూట ఉన్న ఒకే ఒక్క కష్టం మంచు ముద్ద కరిగిపోవడం. 1963లో ఆ పుస్తకానికి అమెరికాలో బొమ్మల పుస్తకాలకిచ్చే కాల్డెకాట్ పతకం వచ్చింది. (అందులో తల్లిని లావుగా, కొట్టొచ్చే పసుపు గళ్ల గౌనులో చూపడాన్ని లారిక్ తన వ్యాసంలోనే తప్పుబట్టారు. మంచి పుస్తకాన్నీ ఇలా కళ్లు తెరిచి చూడటం మంచిదే.)

మీరు వెతకాల్సింది ఇలాంటివి. మీ పాప రంగున్న పిల్ల పిల్లిని వెతుకుతుండాలి, తమ్ముడితో పోట్లాడుతుండాలి, చీకటికి భయపడుతుండాలి, పొరపాటున గిన్నె పగలగొట్టి దాక్కుంటుండాలి. కథ ఆ పని గురించి నడవాలి, రంగు గురించి కాదు. పిల్లల సాహిత్యంపై పరిశోధన చేసిన రుడీన్ సిమ్స్ బిషప్ 1990లో రాసిన వ్యాసంలో, పుస్తకాలు అద్దాలూ కావాలి, కిటికీలూ కావాలి అన్నారు. తనను చూసుకోవడానికి అద్దం, ఇతరులను చూడటానికి కిటికీ. మీరు ఇంట్లో అసలైన అద్దాన్నే పెట్టేశారు, ఆవిడ చెప్పింది అది కాదు.

‘ఆత్మవిశ్వాసం పెంచే పుస్తకం’ అని అట్ట మీదే రాసి ఉంటే నాకు ముందు అనుమానం వస్తుంది. ఆ మాట చదివేది పిల్ల కాదు, డబ్బు తీసే మనిషి.

ఇక హంస కథ. హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ 1843లో రాసిన ఆ కథ గొప్పది, కాదనను. ఒంటరితనాన్ని అంత సూటిగా చెప్పిన పిల్లల కథలు తక్కువ. కానీ మీ పాపకు ఓదార్పుగా అది పనికిరాదు. ఆ పిల్ల పక్షిని పొడిచినవాళ్లెవరూ తప్పు తెలుసుకోరు. అది అందంగా మారింది కాబట్టి బాధ తీరింది. మారకపోతే? నల్ల పిల్లకు ఆ కథ చెప్పి ‘రంగు తేలుతుందిలే’ అంటే, ఇప్పుడున్న రంగు తాత్కాలికంగా భరించాల్సిన కష్టమని చెప్పినట్టే. పదిహేనేళ్లకూ రంగు తేలకపోతే, తాను హంస కాలేకపోయానని ఆ పిల్ల అనుకోదా? అమ్మగారితో వాదనకు దిగకండి. ‘అమ్మా, ఆ మాట ఒక్కటి వద్దు, కథ మాత్రం చెప్పు’ అనండి. కథ అయ్యాక మీరే పాపను అడగండి: ‘అది హంస కాకుండా మామూలు బాతుగానే ఉండిపోతే, మిగతా బాతులు ఏం చేసి ఉండాల్సింది?’ పిల్లలు దీనికి చెప్పే జవాబులు పెద్దవాళ్ల నీతివాక్యాల కన్నా బాగుంటాయి.

దీనికి చుట్టమే ఇంకో రకం కథ. అందరూ వెక్కిరించే జీవి ఒకటి ఉంటుంది, దాని పొడుగు ముక్కో పెద్ద చెవులో ఆపద వేళ అందరినీ కాపాడతాయి, అప్పుడు అందరూ చేరదీస్తారు. పిల్లలకు ఇలాంటివి నచ్చుతాయి, మానిపించక్కర్లేదు. కానీ లోపలి లెక్క గమనించండి: తేడాగా ఉన్నా ఫరవాలేదు, ఉపయోగపడితే. ఊరిని కాపాడే అవకాశం రాని పిల్ల ఏం చేయాలి?

అందుకే నాకు 1936లో వచ్చిన ‘ది స్టోరీ ఆఫ్ ఫెర్డినాండ్’ ఇష్టం. మన్రో లీఫ్ కథ, రాబర్ట్ లాసన్ బొమ్మలు. మిగతా కోడెదూడలు కుమ్ముకుంటుంటే ఫెర్డినాండ్ చెట్టు కింద కూర్చుని పూల వాసన చూస్తుంటుంది. ఎద్దుల పోరు బరిలోకి తీసుకెళ్లినా అక్కడా కూర్చుని పూల వాసనే చూస్తుంది. విసిగి ఇంటికి పంపేస్తారు. కథ అయిపోయేసరికి అది ఏమీ మారదు, ఎవరినీ కాపాడదు, ఏ బహుమతీ గెలవదు. మీరు దాని తల్లిని చూడండి. ఒంటరిగా కూర్చుంటోందని బెంగపడి అడుగుతుంది. ఇలా ఉండటమే తనకిష్టమని బిడ్డ చెబుతుంది. బిడ్డ దిగులుగా లేదని ఆవు గ్రహించి ఊరుకుంటుంది. నన్నడిగితే ఆ పుస్తకంలో అసలు పాఠం తల్లిదండ్రులకే.

ఎద్దూ బాతూ సరే, అన్నీ జంతువుల కథలే అయితే మాత్రం చాలదు. టొరంటోలో నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలతో చేసిన ఒక అధ్యయనంలో, ఉన్నది పంచుకోవడం గురించిన కథను మనుషుల బొమ్మలతో విన్న పిల్లలు తర్వాత తమ స్టిక్కర్లు ఎక్కువగా పంచారు. అదే కథను బట్టలు తొడుక్కున్న జంతువులతో విన్నవాళ్లలో ఆ మార్పు రాలేదు. అది రంగుకు సంబంధించిన పరీక్ష కాదు గానీ, జంతువుల మీదుగా చెప్పిన సంగతి పిల్లలు తమ మీదికి తెచ్చుకోవడం మనం అనుకున్నంత సులువు కాదని తెలుస్తోంది. మచ్చల ఏనుగు గురించి మాట్లాడటం పెద్దవాళ్లకు ఇబ్బంది లేని పని, అందుకే మనకవి అంత నచ్చుతాయేమో.

పుస్తకం చేతికి తీసుకున్నప్పుడు మొదట అక్షరాలు చదవకండి, బొమ్మలు మాత్రమే తిప్పండి. ముదురు రంగు పిల్ల అట్ట మీదా గుంపు చివరా మాత్రమే ఉందా, కథ మధ్యలో ఉందా? పని చేస్తోందా, చేసేవాళ్లను చూస్తూ నిలబడిందా? ఆ మొహంలో కోపం, కొంటెతనం, విసుగు అన్నీ ఉన్నాయా, ఎప్పుడూ ఒకటే నవ్వా? నల్లగా ఉన్న ముగ్గురు పిల్లలుంటే ముగ్గురికీ ఒకే డబ్బాలోని గోధుమ రంగు పూసేశారా? రాత్రి దృశ్యాల్లో వాళ్ల కళ్లూ ముక్కూ కనిపిస్తున్నాయా, చీకట్లో కలిసిపోయాయా? ఇక దుర్మార్గుడు ఎవరో చూడండి. కథల బొమ్మల్లో రాక్షసుడూ దొంగా నల్లగా, లావుగా, మొహాన గాటుతో ఉండటం ఎంత మామూలో లెక్కపెడితే మీరే ఉలిక్కిపడతారు. మీ దగ్గర ఉన్న మంచి కథల్లోనే ఇవి దొరుకుతాయి. పారేయనక్కర్లేదు. ‘వీణ్ణి ఎందుకు నల్లగా వేశారో!’ అని పాప ముందు పైకే అనుకోండి. ఆ తప్పు బొమ్మ వేసినవాళ్లదని, రంగుది కాదని పిల్లకు తెలుస్తుంది.

రంగు గురించే నేరుగా చెప్పే కథలు అసలే వద్దా అంటే, ఒకటీ అరా ఉండొచ్చు. కొనేముందు దేనికి ఎన్ని పేజీలు ఇచ్చారో చూసుకోండి. బొమ్మల పుస్తకం మామూలుగా 32 పేజీలు ఉంటుంది. అందులో పాతిక పేజీలు పిల్లను రకరకాల మాటలతో వెక్కిరించి, ఆఖరి రెండు పేజీల్లో ఆకాశం నుంచి ఊడిపడ్డట్టు సంతోషం వస్తే, మీ పాపకు గుర్తుండేది ఆ వెక్కిరింతలే. బడిలో ఇంతవరకూ వినని తిట్లు నాలుగు మీ ఒడిలో కూర్చుని నేర్చుకుంటుంది. తెల్లబడటానికి మొహం రుద్దుకునే పిల్ల కథ అయితే ఇంకా జాగ్రత్త. ఆ ఆలోచన లేని పిల్లకు అదొక ఉపాయం అందించినట్టవుతుంది.

మంచి పుస్తకం దొరికిందే అనుకుందాం, చదివే తీరుతో దాన్ని పాడుచేయవచ్చు. ‘చూశావా, ఈ అమ్మాయి అచ్చం నీలాగే ఉంది!’ అన్నారా, మళ్లీ మందు సీసా బయటికి తీసినట్టే. పోలిక పాపే పట్టుకుంటుంది, పట్టుకోకపోయినా ఫరవాలేదు. 1988లో గ్రోవర్ వైట్‌హర్స్ట్ బృందం చిన్నపిల్లల తల్లిదండ్రులకు ఒక పద్ధతి నేర్పింది. పెద్దలు చదివేసి ముగించకుండా, ‘ఇక్కడేం జరుగుతోంది?’ అని అడిగి, పిల్ల చెప్పినదాన్ని అందుకుని కాస్త పెంచడం. నెల తిరిగేసరికి ఆ పిల్లల మాట తీరు మెరుగుపడింది. మీకు దీనివల్ల ఇంకో లాభం ఉంది, మీరు మాట్లాడటం తగ్గి పాప మాట్లాడటం పెరుగుతుంది. పుస్తకం ఏ భాషలో ఉన్నా సరే, బొమ్మలు చూస్తూ తెలుగులో మీరే కథ చెప్పుకోవచ్చు. మాటలే లేని బొమ్మల పుస్తకాలు దొరికితే మరీ మంచిది.

అలా కూర్చున్నప్పుడు తమ్ముణ్ణీ పక్కన కూర్చోబెట్టుకోండి. పాప ప్రశ్నకు మీరు ఇవ్వగల సరైన జవాబు అదే. వాళ్లమ్మ రంగు వచ్చిన వాడికీ అదే పుస్తకం, అదే వేళకు, అదే గొంతుతో. మూడేళ్ల వాడికి ఆ కథలు పాప కన్నా తక్కువ అవసరమేమీ కాదు. రేపు బడిలో ‘మా ఆటలోకి రావద్దు’ అనేది వాడే కావచ్చు.

ఎప్పుడో ఒకప్పుడు పాప మళ్లీ ‘నేను నల్లగా ఉన్నాను’ అంటుంది. ‘ఛ, నువ్వు నలుపేమిటి!’ అని కొట్టిపారేయకండి, అద్దంలో తనకు కనిపిస్తున్నదాన్ని మీరు అబద్ధమంటే ఇక మీ మాట నమ్మదు. ‘నల్లగా ఉన్నా కళగా ఉంటావు’ అనడమూ వద్దు, ఆ మెప్పులో ఏదో మన్నించిన ధోరణి ఉంది. ‘అవును, నల్లగా ఉంటావు, నాలాగే’ అని మామూలు గొంతుతో చెప్పి, ‘ఎవరైనా ఏమైనా అన్నారా?’ అని అడిగి ఆగండి. ఎందుకు నలుపు అని అడిగితే చెప్పండి. చర్మంలో మెలనిన్ అనే రంగు పదార్థం తయారుచేసే కణాలు అందరికీ ఇంచుమించు ఒకే సంఖ్యలో ఉంటాయి. కొందరిలో అవి ఎక్కువ మెలనిన్ చేస్తాయి, కొందరిలో తక్కువ. ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి చర్మాన్ని అది కొంత కాపాడుతుంది. ఆరేళ్ల పిల్లలకు పొగడ్త కన్నా ఇలాంటి సమాచారం రుచిగా ఉంటుంది, మర్నాడు బడిలో నలుగురికీ చెబుతారు.

ఒక సెలవు రోజు నీటి రంగులు ముందేసుకుని కూర్చోండి. నలుగురి చేతులూ పక్కపక్కన పెట్టి, ఎవరి చేతి రంగు వాళ్లు కలపాలి. ఎరుపు, పసుపు, కొంచెం నీలం, కావాలంటే తెలుపు. మొదటిసారి ఎవరికీ కుదరదు. మీ చేతికి కలిపినది బురదలా వస్తుంది, వాళ్లమ్మది పసుపెక్కువై జబ్బు మనిషిలా కనిపిస్తుంది, ఇంకో చుక్క ఎరుపు కావాలి. అరచేతి రంగు వేరు, చేతి వెనకది వేరు, మోచేతిది ఇంకా వేరు. ముంజేతి మీద చిన్న చుక్క పెట్టి, కలిసిపోయిందో లేదో దగ్గరగా చూడాలి. అంత శ్రద్ధగా తన చర్మాన్ని చూసుకున్నప్పుడు అది మంచిదా చెడ్డదా అన్న మాటే రాదు, ఇంకాస్త నీలం కావాలా అన్నదే ప్రశ్న. మిగిలిన రంగుతో పాప ఏం గీస్తుందో దాని ఇష్టం. పాత బొమ్మలోని గులాబీ రంగును దిద్దించే ప్రయత్నం మాత్రం చేయకండి.

నాలుగు కాగితాలు మధ్యకు మడిచి కుట్టి సొంత పుస్తకం చేయించవచ్చు. అందులోనూ ‘నేను అందంగా ఉన్నాను’ రానివ్వకండి. ‘నేను గోడ ఎక్కాను. దిగడం రాలేదు. అరిచాను.’ ఇలా ఉండాలి.

మీ భార్య అన్నదాంట్లో సగం నిజం అన్నాను కదా, అది ఇక్కడ. ఇంట్లో పెద్దల నోళ్లు మారకపోతే ఏ పుస్తకమూ ఏమీ చేయలేదు. ‘ఈ ఫొటోలో నల్లగా పడ్డాను, తీసేయ్’ అని మీ ఇంట్లో ఎవరైనా అంటుంటారా? ఫోనులో మొహాన్ని తెల్లగా, నున్నగా చేసే ఏర్పాటు ఆన్‌లో ఉందా? పాప ఫొటో తీసిన ప్రతిసారీ ఆ ఫోను చడీచప్పుడు లేకుండా రంగు దిద్దుతోందంటే, మీ పుస్తకాలన్నీ ఒక వైపు, అదొక్కటీ ఒక వైపు. వచ్చినవాళ్లు అక్కనూ తమ్ముణ్ణీ పక్కపక్కన నిలబెట్టి రంగులు పోలిస్తే, ‘మా ఇంట్లో ఆ పోలికలు వద్దండీ’ అని పిల్లలు వినేలా చెప్పండి. చాటుగా చెబితే సగం ఫలితమే.

బడి మాట మరిచిపోకండి. ఒక పిల్లను ఆటలోకి రానివ్వకపోవడం ఆ పిల్ల ఆత్మవిశ్వాసానికి సంబంధించిన సమస్య కాదు, రానివ్వనివాళ్ల ప్రవర్తనకు సంబంధించినది. టీచరును కలిసి జరిగింది చెప్పండి. ఆ అమ్మాయిని నిలబెట్టి తిట్టమని కాదు, ఆట స్థలంలో ఒక కన్నేసి ఉంచమని, తరగతిలో చదివే కథల్లో అన్ని రంగుల పిల్లలూ ఉండేలా చూడమని. వష్టి హారిసన్ పుస్తకం ‘బిగ్’ ఇలాంటి చోట బాగుంటుంది. 2024లో కాల్డెకాట్ పతకం దానికే వచ్చింది, ఆ పతకం అందుకున్న తొలి నల్లజాతి మహిళ ఆవిడే. అందులో ఒక లావుపాటి పిల్లను అందరూ అనే మాటలు పోగుపడి పోగుపడి, చివరికి ఆ పిల్ల పేజీలోనే పట్టకుండా పోతుంది. అప్పుడు ఆ మాటలను ఎవరివి వాళ్లకే తిరిగి ఇచ్చేస్తుంది. అందరూ అర్థం చేసుకోరు, కొందరే చేసుకుంటారు. ఆ నిజాయతీ నాకు నచ్చింది. రంగు గురించి కాకపోయినా మీ పాపకు అది అందుతుంది.

వారాల తరబడి బడికి వెళ్లనని మొండికేయడం, చర్మాన్ని ఎర్రబడేలా రుద్దుకోవడం, నిద్ర చెడటం, ఇష్టమైన ఆటల్ని కూడా వదిలేయడం కనిపిస్తే మాత్రం పుస్తకాలతో కాలయాపన చేయకుండా పిల్లల మానసిక నిపుణుణ్ణి కలవండి. మీ ఉత్తరంలో అలాంటి సూచనలు నాకు కనిపించలేదు.

ఇప్పటికే తెచ్చిన పుస్తకాలను దాచేయనక్కర్లేదు, ఒక్కసారిగా మాయమైతే దానికీ పాప ఏదో అర్థం వెతుక్కుంటుంది. మిగతావాటి మధ్య అలమరలో పెట్టేయండి. ఎప్పుడైనా తనే ఒకటి లాగి తెస్తే మామూలు పుస్తకంలాగే చదివి పెట్టండి. మధ్యలో విసుగొచ్చి మూసేసిందా, మూసేయనివ్వండి.